బూడిద కుప్పలో మేనత్త

అచ్చాఫీసు వెనకవైపు, కాగితం రీములు పేర్చిన నడవా దాటితే ఆటగది. కిటికీ ఒకటే. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక అర, ఆ అర మీద అయిదు గాజు సీసాలు, సీసాల్లో గోళీలు. కొత్తగా వచ్చినవాళ్ళు అవి పిల్లల కోసమేమో అనుకునేవారు. ఆ మాట పైకి అన్న సిరా వ్యాపారి ఒకణ్ణి చెల్లెమ్మ వాళ్ళ అన్నయ్య ఎగాదిగా చూసి, "పిల్లల ఆటకి ఇంత పోట్లాట ఎందుకుంటుందండీ?" అన్నాడు.

చెల్లెమ్మ అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అన్నయ్య పిలిచే పిలుపే అందరికీ అంటుకుంది. ఆమె పుట్టకముందే మీసాలు మొలిచిన బైండరు కూడా ఆమెను చెల్లెమ్మా అనే పిలుస్తాడు, టీ తెచ్చే మనిషీ అలాగే పిలుస్తాడు. ఊరందరికీ చెల్లెలయింది గానీ ఆమె తోబుట్టువు మాత్రం ఒక్కడే.

అన్నాచెల్లెళ్ళు కలిసి తయారుచేసే ఆట పేరు అయిదిళ్ళు. పేకముక్కల్లాంటి ఆ బొమ్మల ముక్కలు మూసిన పొట్లాల్లో అమ్ముతారు. ఏ పొట్లంలో ఏ ముక్క వస్తుందో కొన్నవాడి అదృష్టం. జనం కొంటారు, దాచుకుంటారు, మార్చుకుంటారు, తమకు నచ్చిన ఇంటి ముక్కలతో కట్ట కట్టుకుని ఎదుటివాడి మీదికి వెళతారు. కొలిమి ఇల్లు ముందుగా కొడుతుంది, కాచుకోవడం దానికి చేతకాదు. వల ఇల్లు ఎదుటివాణ్ణి కట్టిపడేస్తుంది, తనంతట తాను కొట్టలేదు. వేరు ఇల్లు నింపాదిగా బలుస్తుంది, తొందరపెడితే చస్తుంది. అద్దం ఇల్లు ఎదుటివాడి విద్యను ఎత్తుకుంటుంది, సొంతానికి దానికేమీ లేదు. అయిదోది బూడిద ఇల్లు. "ఇంటికి ముఖం ఇచ్చేది దానికి వచ్చిన విద్య కాదు, రాని విద్య. అన్నీ వచ్చిన ఇంటిని ఎవడైనా ఆడతాడు, ఎవడూ ప్రేమించడు" అనేవాడు అన్నయ్య. ఈ మాట అతను రోజూ అనేవాడు కాబట్టి చెల్లెమ్మకు విసుగు. విసుగైనా అది నిజమేనని ఆమెకు తెలుసు.

కొత్త ముక్కలు అచ్చుకు వెళ్ళేముందు ఆ గదిలో ఆడి చూస్తారు. ఆట అయ్యాక గెలిచిన ఇంటి సీసాలో గోళీ పడాలి. ఓడినవాడే దాన్ని తన చేత్తో వెయ్యాలి. అది అన్నయ్య పెట్టిన ఆచారం. ఏ సీసాలో గోళీలు మిగతావాటికంటే పైకి లేస్తే ఆ ఇంటి బలం కోస్తారు. కోసే పని త్రాసుది. త్రాసు అంటే లెక్కల చదువు చదివి వచ్చిన యువకుడు. వచ్చిన వారానికే ఆ పేరు పడింది, పాపం అతనూ ఒప్పేసుకున్నాడు. ఆడేవాళ్ళు తూచకూడదు, తూచేవాడు ఆడకూడదు అన్నది కూడా అన్నయ్య నియమమే. అందుకని త్రాసు ఎప్పుడూ బల్ల దగ్గర కూచోడు. సీసాలు చూస్తాడు, వెళతాడు.

బూడిద ఇల్లు అన్నయ్య సొంతంగా కట్టింది. మిగతా ఇళ్ళలో చచ్చిన ముక్క మొహం పైకి పడుకుంటుంది, ఎవరైనా చూడొచ్చు. బూడిద ఇంట్లో చచ్చిన ముక్క బోర్లా పడుకుంటుంది. ఒకసారి కుప్పలో పడ్డాక దాన్ని ఆడేవాడు కూడా తిరగేసి చూడకూడదు. తన వంతు వచ్చినప్పుడు కుప్ప మీద అరచెయ్యి ఆనించి, "బూడిదలో బాబాయి ఉన్నాడు" అనాలి. చచ్చిన బాబాయి బలం బతికున్న ముక్కకు వస్తుంది. ఎదుటివాడు నమ్మితే సరే. నమ్మకపోతే "తిప్పు" అంటాడు. తిప్పినప్పుడు బాబాయి దొరికితే అడిగినవాడికి దెబ్బ. దొరక్కపోతే బూడిద ఇల్లు అక్కడికక్కడే ఓడిపోయినట్టు. కాబట్టి ఈ ఇంటివాడికి ఉన్న ఆస్తి రెండే, జ్ఞాపకం, గుండె ధైర్యం. జ్ఞాపకం ఉంటే నిజం చెప్పి గెలుస్తాడు, ధైర్యం ఉంటే అబద్ధం చెప్పి గెలుస్తాడు. చచ్చినవాళ్ళను లేపి తెచ్చుకోవడం మాత్రం కొత్త ముక్కలతో ఎన్ని కూర్పులు వచ్చినా అన్నయ్య ఆ ఇంటికి ఇవ్వలేదు.

ఆ ఇంట్లో ముక్కలన్నీ చుట్టాలే. తాతమ్మ, బాబాయి, తోడికోడలు, కుంటి మావయ్య, అందరికంటే పెద్ద బలం ఉన్న మేనత్త. మిగతా బొమ్మలు కల్పించినవి. మేనత్త బొమ్మ మాత్రం నిజమైన మనిషిది. తల్లి పోయాక అన్నాచెల్లెళ్ళిద్దర్నీ పెంచిన మేనత్త అది, పైపెదవి మీద పుట్టుమచ్చతో సహా. "ఈవిణ్ణి మర్చిపోయేవాడు నా ఇల్లు ఆడక్కర్లేదు" అనేవాడు అన్నయ్య.

గది తలుపు మీద ఎర్రరంగుతో ఒక వాక్యం రాసి ఉంటుంది: గెలవనిచ్చినవాళ్ళు బయటికి. బెదిరింపు కాదది. ఒకసారి అచ్చాఫీసు యజమాని అత్తగారు సరదాగా ఆడతానంటే, ముక్కల మీద బొమ్మలు గీసే ఆయన మర్యాద కోసం ఓడిపోయాడు. అన్నయ్య మారుమాట్లాడకుండా ఆయన కుర్చీ ఎత్తి నడవాలో పెట్టాడు. ఆయన ఇప్పటికీ రీముల మధ్యే కూచుని గీస్తాడు. "నువ్వు జాలిపడి ఓడితే ఒక ఇంటికి లేని బలం కనబడుతుంది. లేని బలాన్ని కొయ్యడానికి మేం కత్తి తీస్తాం. అప్పుడు తెగేది ఉన్న బలమే కదయ్యా!" అని ఆ రోజు అరిచిన అరుపు వీధిలోకి వినబడింది. చెల్లెమ్మ అప్పుడు తలుపు చాటున నిలబడి నవ్వుకుంది.

వానలు మొదలైన రోజుల్లో వదిన వంటింట్లో, కుళాయి నీళ్ళ చప్పుడులో, ఆ సంగతి చెప్పింది.

"మొన్న మీ అన్నయ్య స్నానాలగది ఎక్కడే అని నన్నడిగారు. ఈ వయసులో సరసమేంటా అనుకున్నాను. చూస్తే నిజంగానే అడిగారు."

"అలిసిపోయి ఉంటాడు వదినా."

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మెల్లమెల్లగా పోతుందట జ్ఞాపకం. ముందు నిన్నటివి పోతాయట, తర్వాత మొన్నటివి." వదిన కుళాయి కట్టేసింది. "ఆయన అడగరు, నేను చెప్పను. పొద్దున్నంతా గోడకేసి చూస్తూ కూచుంటారు. ఆ పేకముక్కల గదికి వెళ్ళొచ్చిన రోజు మాత్రం మనిషిలా తిరిగొస్తారు. జన్మలో నేనా ముక్కల్ని మెచ్చుకోలేదు, నీకు తెలుసు. ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను. ఆ గది ఒక్కటీ ఆయనకు పోనివ్వకు."

మర్నాడే జరిగింది. చెల్లెమ్మది కొలిమి ఇల్లు, అన్నయ్యది బూడిద ఇల్లు. కుప్ప మీద చెయ్యి ఆనించి అన్నయ్య "బూడిదలో తోడికోడలు ఉంది" అన్నాడు. లేదు. తోడికోడలు అసలు ఆ ఆటలో దిగనే లేదు. చెల్లెమ్మ అతని మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు అన్నయ్య చెవి వెనక గోక్కుంటాడు; చిన్నప్పుడు మేనత్త దగ్గర దొరికిపోయేదీ అలాగే. ఇప్పుడు గోక్కోలేదు. నిబ్బరంగా, నిజం చెబుతున్న మనిషిలా కూచున్నాడు. "తిప్పు" అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. "సరే" అంది. అతను గెలిచాడు. ఆమె లేచి బూడిద సీసాలో గోళీ వేసింది.

దయ చాలా సులువైన పని. చేతులు కదపక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. ఒకసారి మూసుకున్న నోరు రెండోసారి తనంతట తానే మూసుకుంటుంది. అన్నయ్య లేని చుట్టాలను పిలుస్తూనే ఉన్నాడు, చెల్లెమ్మ నమ్ముతూనే ఉంది. అతను గెలిచినప్పుడల్లా కుర్చీలో వెనక్కి వాలి, బల్ల మీద వేళ్ళతో దరువు వేసి, "ఏమ్మా, కొలిమి చల్లారిందా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆమె ఏమైనా చేసేది. నిజానికి చేసింది ఒకటే, అబద్ధపు గోళీలు వెయ్యడం. వాటి బరువు నిజం గోళీల బరువులాగే ఉండేది. అదే ఆమెను ముంచింది.

కూర్పు అచ్చుకు వెళ్ళే సమయానికి బూడిద సీసా మిగతా నాలుగింటికంటే పైకి లేచిపోయింది. త్రాసు వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"చెల్లెమ్మగారూ, ఆటలో ఏమైనా తేడా ఉందా? కొత్త ముక్కలు చూస్తే మరీ అంత బలంగా అనిపించట్లేదు నాకు."

అన్నయ్య అక్కడే ఉన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆమెకేసే చూస్తున్నాడు. 

"తేడా ఏం లేదు" అంది.

"మా చెల్లి అబద్ధం ఆడదయ్యా" అన్నాడు అన్నయ్య. "సీసా అంతకన్నా ఆడదు. నా ఇల్లని మొహమాటపడకు. కొయ్యాల్సిందే. ఎంత కొయ్యాలి?"

చచ్చినవాళ్ళ బలం సగానికి తగ్గించారు. అదొక్కటీ చాలదని సీసా చెబుతోంది కాబట్టి, కుప్పను మొహం పైకి పెట్టాలన్నాడు త్రాసు. అంటే ఎవరు చచ్చారో అందరికీ కనబడుతూనే ఉంటుంది. గుర్తుపెట్టుకునేదేమీ లేదు, బొంకేదేమీ లేదు. అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. తన ఇంటికి ముఖం ఏదో అతనికంటే ఎవరికి తెలుసు?

"పెట్టెయ్యండి" అన్నాడు చివరికి.

చెల్లెమ్మ అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూచుని, తినకుండా లేచింది.

కొత్త కూర్పు దుకాణాలకు వెళ్ళిన కొద్ది రోజులకే మాటలు రావడం మొదలైంది. బూడిద ఇల్లు ఆడేవాళ్ళు వరసగా ఓడిపోతున్నారు. ఓడిపోవడం వాళ్ళకు కొత్త కాదు, దానికి ఏడవలేదు. ఆఫీసు ముందుగదిలో ఉన్న దుకాణానికి ఒక దర్జీ ఆవిడ వచ్చేది. మెళ్ళో టేపు తియ్యకుండానే వచ్చి, నిలబడే ఆడి, గెలిస్తే ఈల వేసి వెళ్ళే మనిషి. ఏళ్ళ తరబడి బూడిద ఇల్లు తప్ప వేరేది ముట్టుకోలేదు. ఆ రోజు తన కట్టను రబ్బరుబ్యాండు వేసి తెచ్చి, బల్ల మీద పెట్టి, చెల్లెమ్మ వైపు తోసింది.

"ఉంచుకోండమ్మా. ఇది నా ఇల్లు కాదు."

"బలం తగ్గిందనా?"

"బలం ఎవడిక్కావాలి? మాకు చచ్చినవాళ్ళు గుర్తుండాలి. అదీ మా ఆట. ఇప్పుడు అందరూ కళ్ళెదుటే పడున్నారు, గుర్తుపెట్టుకోవడానికేముంది?" టేపు సర్దుకుని వెళ్ళిపోయింది. ఈల వెయ్యలేదు.

యజమాని చెడ్డవాడు కాడు. కదలని పొట్లాలు గోదాంలో పేరుకుపోతుంటే ఏ యజమానైనా చేసేదే చేశాడు. అందర్నీ కూచోబెట్టి, వచ్చే కూర్పు నుంచి నాలుగిళ్ళే ఉంటాయనీ, బూడిద ఇంటి చుట్టాల్లో మంచి బొమ్మలున్నవాళ్ళను అద్దం ఇంట్లో కలిపేద్దామనీ అన్నాడు. అంటే మేనత్త అద్దం ఇంటికి కాపురానికి వెళ్ళాలి.

"కలపొద్దు" అన్నాడు అన్నయ్య. "ఆవిడ పరాయి పంచన ఉండే మనిషి కాదు. మొత్తం తీసెయ్యండి."

ఆ సాయంత్రం చెల్లెమ్మ అతన్ని ఇంటిదాకా నడిపించుకొచ్చింది. మలుపు దగ్గర ఎటు తిరగాలో అతను ఆమె కాళ్ళు చూసి తెలుసుకుంటున్నాడని గమనించింది. గుమ్మం ముందు ఆగాడు.

"తప్పు కట్టానమ్మాయ్. పునాదిలోనే తూకం లేదు. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టుకోలేదు, అంతే. నేనూ పట్టుకోలేదు. నాకీ పని రాదేమో, ఊరికే వచ్చనుకున్నానేమో."

అతని నోటి నుంచి అలాంటి మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మనిషి మొండి, నోరు చెడ్డది, కానీ తన పని తనకు వచ్చునన్న నమ్మకం ఒక్కటి ఎన్నడూ సడలలేదు. ఇప్పుడది కూడా పోయింది. దాన్ని పోగొట్టింది జబ్బు కాదు, తను. 

తర్వాత అతను మంచం దిగడం మానేశాడు. గదికి కూడా రానన్నాడు. చెల్లెమ్మ వదిన దగ్గర కూచుని మొత్తం చెప్పేసింది. చెప్పి, మొట్టికాయ కోసం చిన్నపిల్లలా తల వంచుకుంది. వదిన తిట్టలేదు.

"ఇప్పుడు చెబితే ఏమవుతుంది?"

"తనకి మతి పోతోందని తెలుస్తుంది. నేను గెలవనిచ్చానని తెలుస్తుంది."

"చెప్పకపోతే?"

"ఇల్లు పోతుంది. తనకి చేతకాలేదనుకుంటూ ఉండిపోతాడు."

వదిన తోముతున్న గిన్నెను పక్కన పెట్టింది. "నేను పెళ్ళాన్ని. నాకు ఎలా ఉన్నా మనిషి మిగిలితే చాలు. నన్నడిగితే చెప్పొద్దంటాను. నువ్వు ఎదురుకుర్చీలో కూచున్నదానివి. ఆ కుర్చీ ఏం చెయ్యమంటుందో నాకేం తెలుసు?"

చెల్లెమ్మకు తెలుసు. తెలిసీ ఇంకా కొన్నాళ్ళు నాన్చింది. నాలుగిళ్ళ కూర్పు అచ్చుకు వెళుతోందని, మిషన్‌కు కాగితం కూడా ఎక్కించారని బైండరు చెప్పిన పొద్దున, ఇక నాన్చడానికి దారి లేకపోయింది. యజమాని దగ్గరికి వెళ్ళి, పాత నియమాలతో, కుప్ప బోర్లా పెట్టి ఒక్క ఆట ఆడనివ్వమంది. మీరూ త్రాసూ పక్కన నిలబడి చూడండి, అంది. అన్నయ్యను బతిమాలి, చొక్కా గుండీలు తనే పెట్టి తీసుకొచ్చింది.

బల్ల ముందు కూచోగానే అతను మళ్ళీ మునుపటి మనిషయ్యాడు. చేతులు ముక్కల్ని కలిపిన తీరు చూసి త్రాసు నోరు తెరిచాడు. చెల్లెమ్మ కొలిమి ఇల్లు ఆడింది. మొదట్లోనే తోడికోడలు చచ్చింది.

"బూడిదలో తోడికోడలు ఉంది" అన్నాడు అన్నయ్య.

"తిప్పు."

అతను తలెత్తి చూశాడు. ఎన్నాళ్ళుగానో వినని మాట. తిప్పాడు. తోడికోడలు ఉంది. చెల్లెమ్మ కొలిమికి దెబ్బ తగిలింది. అతను బల్ల మీద దరువు వేసి, "అన్న మాట నమ్మవేం, పిచ్చిదానా!" అని నవ్వాడు. యజమాని కూడా నవ్వాడు. ఇక్కడితో ఆపేస్తే బాగుండుననిపించింది చెల్లెమ్మకు. ఆపితే బూడిద సీసాలో ఇంకో గోళీ పడుతుంది, అంతే. ఆమె ముక్క దించింది.

కొలిమి ముక్కలు మీద మీద పడుతున్నాయి. అన్నయ్యకు పెద్ద బలం కావాలి. కుప్ప మీద చెయ్యి ఆనించాడు. చెవి గోక్కోలేదు.

"బూడిదలో మేనత్త ఉంది."

మేనత్త అతని చేతిలోనే ఉంది. ఆట మొదలైనప్పటి నుంచీ ఎడమ చివర, బొటనవేలి కింద. పక్కన నిలబడ్డవాళ్ళకు ముక్క అంచున చీర రంగు కూడా కనబడుతోంది.

"తిప్పన్నయ్యా" అంది చెల్లెమ్మ.

అతను తిప్పాడు. ఒక్కొక్క ముక్కే తీసి బల్ల మీద పరిచాడు. లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. వంగి బల్ల కింద చూశాడు. కుర్చీ జరిపి చూశాడు.  చివరికి త్రాసు, వినపడీ వినపడనట్టు, "సార్, మీ చేతిలో" అన్నాడు.

అన్నయ్య తన చేతిలోని ముక్కలకేసి చూసుకున్నాడు. మేనత్త అతనికేసి చూస్తోంది. అన్నయ్య మొహంలో రంగు మెడ దాకా దిగిపోవడం చెల్లెమ్మ చూసింది. కళ్ళు దించుకోలేదు, దించుకునే హక్కు తనకు లేదనుకుంది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"వానలు మొదలైనప్పట్నించి."

"కుంటి మావయ్యతో నీ కొలిమిని కూల్చేశాను చూడు, ఆ రోజు?"

"అప్పుడూ లేడన్నయ్యా."

"తాతమ్మను వరసగా పిలిచి గెలిచాను. నువ్వు ఏడుపుమొహం పెట్టావు. అప్పుడు?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

అతను లేచి, అర మీది బూడిద సీసా దింపి, బల్ల మీద బోర్లించాడు. గోళీలు బల్లంతా పాకి, అంచు దాటి, నేల మీద టపటపా పడి గది మూలలకు దొర్లిపోయాయి. చేతికి దొరికిన గుప్పెడు పట్టుకుని ఆమె ముందు చెయ్యి చాచాడు.

"వీటిల్లో నావేవో చెప్పు. ఒకటో రెండో నిజంగా గెలిచి ఉంటాను కదా! ఏవి?"

అన్నీ ఒకే రంగు గోళీలు. 

అతను వాటిని బల్ల మీద పెట్టేశాడు. త్రాసు వైపు తిరిగినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. "పాత నియమాలు తిరిగి పెట్టండి. బలం పూర్తిగా ఇవ్వండి, కుప్ప బోర్లా ఉంచండి. ఇల్లు బానే ఉందయ్యా. పాడయింది నేను." తర్వాత చెల్లెలికేసి చూడకుండానే, "తలుపు మీద ఏం రాసుందో చదువు" అన్నాడు.

ఆమె చదవలేదు. కుర్చీ తనే ఎత్తుకుని నడవాలోకి వెళ్ళింది. బొమ్మలు గీసే ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఎక్కించిన కాగితం దింపారు. యజమాని నష్టానికి గొణిగాడు గానీ అడ్డుచెప్పలేదు. బూడిద ఇల్లు నిలబడింది. కట్టినవాడు మాత్రం ఆ రోజుతో ఆఫీసుకు రావడం మానేశాడు. చెల్లెమ్మ ఇంటికి వెళితే మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. "చూడనంటున్నారే, నేనేం చెయ్యను" అని వదిన గుమ్మంలోనే చేతులు పట్టుకుని పంపేసేది. చలి రోజులన్నీ అలాగే గడిచాయి.

ఎండలు ముదురుతుండగా వదిన ఫోన్ చేసింది. "రా. ఇప్పుడు ఫరవాలేదు." ఆ గొంతులో ఏదో ఉంది, చెల్లెమ్మ పట్టించుకోలేదు. కోపం తగ్గిందన్న సంతోషంలో పట్టించుకోలేదు. మిషన్ మీంచి అప్పుడే వచ్చిన కొత్త కూర్పు పెట్టె ఒకటి, అర మీది సీసాల్లో రెండు, సంచీలో వేసుకుని పరుగున వెళ్ళింది. దర్జీ ఆవిడ తన కట్ట వెనక్కి పట్టుకెళ్ళిందని, దుకాణంలో మళ్ళీ ఈల వినబడుతోందని చెప్పాలనుకుంది.

అన్నయ్య వరండాలో బల్ల ముందు కూచుని ఉన్నాడు. తల దువ్వి ఉంది. ఆమెను చూసి మర్యాదగా కుర్చీలోంచి సగం లేచాడు.

"రండి, కూచోండి."

చెల్లెమ్మ వదినకేసి చూసింది. వదిన కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఫరవాలేదన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

అతను పెట్టె అందుకుని, పైకాగితం గోటితో చీల్చి, ముక్కల్ని ఒకసారి వాసన చూశాడు. కలపడం చేతులు మర్చిపోలేదు. "మీకు ఆట వచ్చునా?" అని అడిగాడు.

"కొంచెం వచ్చండీ" అంది.

ఆమె కొలిమి తీసుకుంది. అతను అడక్కుండానే బూడిద తీసుకున్నాడు. చచ్చిన ముక్కల్ని బోర్లా పేర్చాడు. అతని వేళ్ళు సన్నబడ్డాయి, గోళ్ళు వదిన కత్తిరించినట్టున్నాయి, నీటుగా ఉన్నాయి. ఆట కొంతదూరం సాగాక కుప్ప మీద అరచెయ్యి ఆనించాడు.

"బూడిదలో మేనత్త ఉంది."

మేనత్త కుప్పలో లేదు. కలిపేటప్పుడే జారి పెట్టె మూత కింద పడింది, చెల్లెమ్మ చూసింది. వరండాలో ఇంకెవరూ లేరు. ఇక్కడ త్రాసు లేడు, అచ్చుకు వెళ్ళే కూర్పు లేదు, కొయ్యడానికి ఇల్లు లేదు. "సరే" అంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. అతను వెనక్కి వాలి దరువు వేసి నవ్వుతాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

"తిప్పండి" అంది.

అతను తిప్పాడు. ఒక్కొక్క ముక్కే పరిచి చూశాడు. మళ్ళీ చూశాడు. మెడ దాకా దిగిపోయిన ఆ రంగును చెల్లెమ్మ రెండోసారి చూసింది. అతనికి మాత్రం అది మొదటిసారి.

కాసేపటికి అతను ఆమె ముందు చెయ్యి చాచాడు. ఎందుకో ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత సంచీలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టి, ఒక గోళీ అతని అరచేతిలో ఉంచింది. అతను దాని బరువు చూసి, కొలిమి సీసాలో జాగ్రత్తగా వేశాడు.

"బాగా ఆడారు" అన్నాడు. ముక్కలు పోగుచేస్తూ, పరాయివాళ్ళకు చెప్పే ఇంటిగుట్టులా గొంతు తగ్గించాడు. "నాకో చెల్లెలుందండీ. మంచిదే పాపం. దానితో మాత్రం ఎప్పుడూ ఆడకండి. గెలవనిస్తుంది."

"ఆడనండీ" అంది చెల్లెమ్మ.